నూహ్ పరీక్షలో తప్పినదెవరు?

ప్రతి ఏటా వేసవిలో హర్యానా పాఠశాల విద్యా బోర్డు పదవ తరగతి ఫలితాలను ప్రకటిస్తుంది. వాటి వెంట జిల్లాల వరుసను సూచించే పట్టిక ఒకటి వెలువడుతుంది. ఆ పట్టికలో అగ్రస్థానం స్థిరంగా ఉండదు. ఒక ఏడు పంచకుల, మరొక ఏడు రేవాడి. అట్టడుగు స్థానానికి మాత్రం అటువంటి చాంచల్యం లేదు. కొన్నేళ్లుగా అది నూహ్ జిల్లాకు పట్టా వ్రాసి ఇచ్చినట్లే ఉన్నది. పత్రికలు ఆ వార్తను నాలుగు వాక్యాలలో ముగిస్తాయి. అధికారులు ప్రధానోపాధ్యాయులను సంజాయిషీ అడుగుతారు. తొలకరి పడేసరికి అందరూ మరచిపోతారు.

నూహ్ ఎక్కడో మారుమూల అరణ్యంలో లేదు. పార్లమెంటు భవనం వద్ద బయలుదేరి, గుర్గావ్ అద్దాల మేడలను దాటి, సోహ్నా మీదుగా ఆరావళి గుట్టల వెంట సాగితే వంద కిలోమీటర్ల లోపుననే ఈ జిల్లా కేంద్రం వస్తుంది. 2023 ఫిబ్రవరిలో తొలి భాగం ప్రారంభమైన ఢిల్లీ–ముంబయి ఎక్స్‌ప్రెస్ రహదారి ఈ జిల్లా పొలాల మీదుగానే సాగిపోతున్నది. దీపం కింద చీకటి అన్న సామెతకు వేరే నిదర్శనం వెదకనక్కరలేదు. దేశానికంతకూ చట్టాలు చేసే సభలకు ఇంత చేరువలో, ఆ సభలే చేసిన విద్యాహక్కు చట్టం ఏ గతి పట్టినదో పరిశీలించడమే ఈ వారపు లేఖ ఉద్దేశం.

ముందుగా కొన్ని లెక్కలు. 2021లో జరగవలసిన జనగణన వాయిదాపడి 2027కు చేరినది కనుక 2011 లెక్కలే మనకు దిక్కు. ఆ లెక్కల ప్రకారం హర్యానా రాష్ట్ర అక్షరాస్యత 75 శాతానికి పైగా ఉండగా, పొరుగున ఉన్న గుర్గావ్ జిల్లాలో అది దాదాపు 85 శాతం. అప్పట్లో మేవాత్ అనే పేరుతో ఉన్న నూహ్ జిల్లాలో 54 శాతం. పురుషులను, స్త్రీలను వేరుచేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పురుషులలో చదువు వచ్చినవారు 70 శాతం. స్త్రీలలో 37 శాతం కూడా లేరు. 2005 వరకు ఈ ప్రాంతంలో అధిక భాగం గుర్గావ్ జిల్లాలోనే ఉండేది. ఒకే జిల్లాగా ఉన్న నేలలో ఒక భాగం ఆకాశానికి ఎదిగితే, రెండవ భాగం ఎదుగూ బొదుగూ లేక నిలిచిపోయినది. 2005లో ప్రత్యేక జిల్లా ఇచ్చారు. 2016లో పేరు మార్చి నూహ్ అన్నారు. జిల్లా మారింది, పేరు మారింది, పట్టికలో స్థానం మాత్రం మారలేదు.

ఇక్కడి జనాభాలో ఎక్కువమంది మేవ్ ముస్లిములు. సేద్యం, పశుపోషణ, లారీ డ్రైవింగు వీరి ప్రధాన జీవనాధారాలు. దేశ విభజన నాటి మారణకాండలో వీరు పాకిస్తాను దారి పట్టబోతుండగా, 1947 డిసెంబర్ 19న గాంధీజీ ఘసేరా గ్రామానికి వచ్చి, ఈ దేశం మీదే, కదలవద్దని నచ్చచెప్పారు. అధిక సంఖ్యాకులు ఆ మాట నమ్మి నిలిచిపోయారు. ఆ తరువాత ఆరు వారాలకే ఆ మాట ఇచ్చిన మనిషి లేకుండా పోయాడు. మాట మిగిలినది. దానిని నిలబెట్టవలసిన బాధ్యత ప్రభుత్వాలకు సంక్రమించినది. 2023 జూలై 31న ఇక్కడ మతకల్లోలం చెలరేగినప్పుడు ఢిల్లీ కెమెరాలన్నీ నూహ్‌కు పరుగెత్తాయి. కర్ఫ్యూ సడలగానే తిరిగి వచ్చేశాయి. ఆ జిల్లా బడుల తలుపులు తెరచి చూచే ఓపిక వాటికి లేకపోయినది.

గడచిన శీతాకాలంలో, సభకు సెలవైన ఒక రోజున, ఈ లేఖకుడు ఆ జిల్లాలో ఒక గ్రామ పాఠశాలను చూచి వచ్చాడు. గ్రామం పేరు చెప్పి అక్కడివారిని ఇబ్బందిలో పెట్టదలచుకోలేదు. అయిదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా. ఉండవలసిన ఉపాధ్యాయులలో సగంమందే ఉన్నారు. వారిలోనూ ఒకరు ఆనాడు ఓటర్ల జాబితా పనిమీద వెళ్లారు. మిగిలిన ఒక్క ఉపాధ్యాయుడు ఒక గదిలో లెక్కలు చెబుతూ, రెండవ గదిలో గోల లేవకుండా మధ్యమధ్య లేచి వెళ్లి వస్తున్నాడు. ఆయనది పొరుగు జిల్లా. తెల్లవారుజామున బయలుదేరి రెండు బస్సులు మారి వస్తాడు. "అయ్యా, నేను పాఠం చెప్పడం లేదండి, కాపలా కాస్తున్నాను. పై అధికారులు మాత్రం ఉత్తీర్ణత శాతం అడుగుతారు," అన్నాడు. ఆ మాటలో కోపం కంటె సిగ్గే ఎక్కువగా కనిపించినది.

అయిదవ తరగతిలో ఒక అమ్మాయి ఎక్కాలు తడుముకోకుండా అప్పజెప్పింది. వచ్చే ఏడు ఏమి చేస్తావమ్మా అని అడిగితే సమాధానం చెప్పలేదు. ఉపాధ్యాయుడే చెప్పాడు. ఆరవ తరగతి ఉన్న బడి నాలుగు కిలోమీటర్ల దూరంలో, పెద్ద రోడ్డు దాటి వెళ్లాలి. బస్సు లేదు. తండ్రి లారీ మీద వెళితే పదిహేను రోజులకు గాని ఇంటికి రాడు. తల్లి పొలం పనికి పోతే చంటివాడిని చూచుకొనేది ఈ పిల్లే. ఊరి బావులలో నీరు ఉప్పన. మంచినీళ్ల ట్యాంకరు వచ్చిన వేళ బిందెలతో వరుసలో నిలబడేదీ ఈ పిల్లే. ఇన్ని పనుల మధ్య ఆమె ఎక్కాలు ఎప్పుడు నేర్చుకొన్నదో ఆ పరమాత్మునికే తెలియాలి.

పేదరికం చదువును దెబ్బతీసే తీరు ఇదే. ఒక్క పెద్ద దెబ్బతో కాదు, చిన్న చిన్న కోతలతో. కోతల కాలంలో పది రోజుల గైరుహాజరు, జబ్బు చేస్తే మరో పది రోజులు, ఉపాధ్యాయుడు లేక వృథా అయిన దినాలు వీటికి తోడు. మూడవ తరగతిలో చదవడం పట్టుబడని పిల్లవాడికి ఆరవ తరగతి సాంఘిక శాస్త్రం అంధుని ముందు అద్దమే. పదవ తరగతిలో వాడు తప్పినట్లు బోర్డు మే నెలలో ప్రకటిస్తుంది గాని, వాడు తప్పినది ఏడేళ్ల క్రితమే. కలిగినవారి ఇంట్లో బడి లోపాన్ని ట్యూషను పూడుస్తుంది. తల్లి కూర్చోబెట్టి చదివిస్తుంది. లేనివారి ఇంట్లో బడి ఒక్కటే దిక్కు. ఆ బడిలో కుర్చీ ఖాళీగా ఉంటే వాడికి ఇంకేమీ లేదు.

ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉన్నది? హర్యానాలో ఉద్యోగం వచ్చిన ఉపాధ్యాయుడు నూహ్‌లో చేరుతాడు, చేరిన మరునాటి నుండి బదిలీకి ప్రయత్నం మొదలుపెడతాడు. తప్పు పట్టడం తేలిక. అతనికి ఉండడానికి ఇల్లు లేదు, పిల్లలను చదివించుకోవడానికి మంచి బడి లేదు. తాను పనిచేసే బడిలో తన పిల్లలను చేర్చడు గదా! ఈ వలసను అరికట్టడానికి ప్రభుత్వం మేవాత్‌కు ప్రత్యేక కేడరు ఏర్పరచి, అక్కడ నియమితులైనవారు అక్కడే ఉండాలన్నది. ఆలోచన మంచిదే. కాని నియామకాలే ఏళ్ల తరబడి సాగుతూ, కోర్టులకెక్కుతూ ఉంటే కేడరు కాగితం మీద మిగులుతుంది. పూర్వం 1920లలో బ్రేయిన్ అనే ఆంగ్లేయ అధికారి ఇదే గుర్గావ్ జిల్లాలో చేసిన గ్రామోద్ధరణ ప్రయోగం సీమదాకా పేరు పొందినది. ఆయన బదిలీతోనే అది చల్లబడిపోయినది. ఒక వ్యక్తి ఉత్సాహం మీద ఆధారపడిన సంస్కరణకు ఆ వ్యక్తి ఉన్నంతవరకే ఆయుర్దాయం. చట్టం అవసరం అందుకే కలుగుతుంది.

ఢిల్లీలో ఈ ప్రస్తావన తెస్తే వెంటనే వినిపించే సమాధానం ఒకటున్నది: "వారికే చదువు మీద ఆసక్తి లేదు, ఆడపిల్లలను వారే బడికి పంపరు." ఇందులో సత్యం లేశమాత్రం లేదనలేము. తొందరగా పెండ్లి చేసే అలవాటు ఉన్నది. మతవిద్యతో సరిపెట్టేవారూ ఉన్నారు. అయితే ఆసక్తి అనేది గాలిలో పుట్టదు. బీహారులో 2006లో తొమ్మిదవ తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు పరిశీలించి, హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు 30 శాతం పెరిగినదని, ఆ పెరుగుదల బడి దూరంగా ఉన్న గ్రామాలలోనే ఎక్కువని తేల్చారు. ఆ తల్లిదండ్రుల సంప్రదాయం ఒక్క ఏడాదిలో మారలేదు, దూరం మారినది. కనుక నాలుగు కిలోమీటర్ల ఒంటరి నడకను సంస్కృతి అని పిలవడం మన సోమరితనానికి పెట్టుకొన్న పేరు మాత్రమే.

ఇక చట్టం సంగతి. పదేళ్లలో బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలని రాజ్యాంగ నిర్మాతలు 45వ అధికరణంలో వ్రాశారు. ఆ గడువు 1960లో దాటిపోయినది. 1993లో ఉన్నికృష్ణన్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య జరిగిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 14 ఏళ్లలోపు పిల్లల విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించినది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుండి అమలు. ఆ చట్టంలో 26వ సెక్షను ఒకటున్నది. రెండు పంక్తుల సెక్షను. ఏ ప్రభుత్వ పాఠశాలలోనూ ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టులలో 10 శాతానికి మించరాదని అది శాసిస్తున్నది. మించితే ఏమిటి? ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. శిక్ష లేదు, గడువు లేదు, ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

అదే చట్టానికి 2019లో ఒక సవరణ జరిగినది. ఎనిమిదవ తరగతి దాకా ఏ విద్యార్థినీ అదే తరగతిలో నిలిపివేయరాదన్న నియమాన్ని సడలించి, అయిదు, ఎనిమిది తరగతులలో పరీక్ష తప్పినవారికి మరొక అవకాశమిచ్చి, అప్పటికీ తప్పితే నిలిపివేసే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చారు. 2024 డిసెంబర్‌లో కేంద్రం తన పాఠశాలల విషయంలో నిబంధనలు కూడా ప్రకటించినది. పరీక్ష భయం లేకపోతే పిల్లలు చదవరు అన్న వాదనను ఈ లేఖకుడు తేలికగా కొట్టివేయడు. ఏమీ నేర్పకుండా పై తరగతికి తోసివేయడం దయ అనిపించుకోదు. అయితే న్యాయం అన్నమాట ఒకటున్నది. తన పరీక్ష తప్పిన పదేళ్ల పిల్లవాడికి చట్టంలో పర్యవసానం ఉన్నది. 26వ సెక్షను పరీక్షలో ఏటేటా తప్పుతున్న ప్రభుత్వానికి ఏ పర్యవసానమూ లేదు. బలహీనుడి మీద పనిచేసి బలవంతుడి ముందు మౌనం వహించే శాసనాన్ని శాసనమని ఎట్లా అనగలం?

ఇదంతా హర్యానా గొడవ, మనకేల అని తెలుగు పాఠకుడు అనుకోరాదు. 2018 మార్చిలో నీతి ఆయోగ్ దేశంలోని వెనుకబడిన జిల్లాలను ఎంపిక చేసి, ఆరోగ్యం, విద్య, వ్యవసాయం మొదలైన 49 ప్రమాణాలతో తొలి వరుసను ప్రకటించినది. 101 జిల్లాల పట్టికలో చిట్టచివరన నిలిచినది మేవాత్. దానికి సరిగ్గా పైమెట్టున నిలిచినది తెలంగాణలోని ఆసిఫాబాద్. ప్రథమ స్థానం ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరానిది! సంతోషించవలసినదే, కాని ఒక మాట. 2011లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతానికి లోపే. పట్టికలో మొదటి జిల్లాకు, చివరి జిల్లాకు మధ్య అక్షరాస్యతలో తేడా అయిదు శాతం లోపు. పురుషుల అక్షరాస్యతలో రెండింటికీ చెప్పుకోదగిన వ్యత్యాసమే లేదు. తేడా అంతా ఆడపిల్లల దగ్గరే. వరుసలు పెట్టడంలో ఉన్న ప్రమాదమిది. మొదటివాడు గర్విస్తాడు, చివరివాడు సిగ్గుపడతాడు, ఇద్దరి బీదరికమూ ఎక్కడిదక్కడే ఉంటుంది.

మరొక లెక్క మనకు మరింత చేరువది. కేంద్ర విద్యాశాఖ 2024–25 సంవత్సరపు గణాంకాల ప్రకారం దేశంలో ఒకే ఉపాధ్యాయుడున్న పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు చదువుతున్నారు. అటువంటి బడులు అన్ని రాష్ట్రాలకంటె ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో. 12 వేలకు పైగా. ఒక్క విద్యార్థి కూడా లేని బడుల లెక్కలో పశ్చిమ బెంగాల్ తరువాతి స్థానం తెలంగాణది. 2 వేలకు పైగా. ఒకచోట పిల్లలుండి పంతులు లేడు, మరొకచోట బడి ఉండి పిల్లలు లేరు. కలిగినవారూ, కాస్త కలిగినవారూ ప్రైవేటు బడులకు తరలిపోగా, నోరులేని వారి పిల్లలే సర్కారు బడిలో మిగిలారు. నోరున్నవారి బిడ్డలు లేని బడి గురించి శాసనసభలలో ప్రశ్న పుట్టదు. నూహ్ రోగమే ఇది. మన వద్ద ఇంకా అంత ముదరలేదు, అంతే.

పేదపిల్లలు చదవలేరా? ఈ ప్రశ్నకు తెలుగునాడే అర్ధశతాబ్ది క్రితం జవాబు చెప్పినది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలిసినది. వేళకు తిండి, చదువుకోవడానికి చోటు, రాత్రి పగలు అందుబాటులో ఉపాధ్యాయుడు. ఈ మూడూ సమకూడేసరికి పల్లెల బీదపిల్లలు పట్నపు పిల్లలకు దీటుగా నిలిచారు. తరువాత ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్న కాలంలో నవోదయ విద్యాలయాలు ఆరంభమయ్యాయి. 1985–86లో తొలుత తెరచిన రెండింటిలో ఒకటి ఇదే హర్యానాలోని ఝజ్జర్‌లో. కాని నవోదయలో ఏటా ఆరవ తరగతికి 80 మందికి మించి చోటు లేదు. మెరికలను ఏరుకొని పోయి, మిగిలిన వేలమందిని ఖాళీ కుర్చీకి అప్పగించి, మనం కర్తవ్యం ముగిసిందనుకొన్నాం. గురుకులం నేర్పిన పాఠం పిల్లలను ఏరుకోవడం కాదు. తిండి, చోటు, ఉపాధ్యాయుడు అనే మూడింటినీ ఊరి బడికి తేవడం.

ఉపాధ్యాయుడి విలువ ఊహ మీద చెప్పే మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఒక్కొక్క అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుని ఇచ్చి, రెండేళ్ల తరువాత పరీక్షించగా, లెక్కలలోనూ భాషలోనూ ఆ పిల్లలు మిగిలినవారికంటె స్పష్టంగా ముందున్నారని మురళీధరన్, సుందరరామన్ అనే పరిశోధకులు నిరూపించారు. అద్దాల గదులు కాదు, కంప్యూటర్లు కాదు, ఇంకొక మనిషి.

అందుచేత పార్లమెంటు చేయవలసినది ఘనమైన కొత్త పథకం కాదు. 26వ సెక్షనుకు కోరలు తొడగాలి. జిల్లాల ఉత్తీర్ణత శాతం ప్రకటించే ప్రతి పట్టికలోనూ దాని పక్కనే ఆ జిల్లాలో ఉపాధ్యాయ ఖాళీల శాతాన్ని ప్రకటించడం విధిగా చేయాలి. అప్పుడు ఏ అంకెకు ఏది కారణమో చదువరికే తెలుస్తుంది. ఖాళీలు 10 శాతం దాటిన పాఠశాలలో ఏ విద్యార్థినీ అదే తరగతిలో నిలిపివేయరాదని, వెనుకబడిన పిల్లలకు అదనపు బోధన ఏర్పాటు చేసే భారం ప్రభుత్వానిదేనని చట్టంలో చేర్చాలి. తన పాఠం తాను చెప్పనివాడికి ఇతరుల పరీక్ష దిద్దే అర్హత లేదు. కొత్త నియామకాలలో తొలి విడత అట్టడుగు జిల్లాలకే వెళ్లాలి. వెళ్లినవారికి ఉండడానికి క్వార్టర్లు కట్టించాలి. ఆరవ తరగతి బడి 3 కిలోమీటర్లకు మించి దూరముంటే బస్సో సైకిలో ఇవ్వాలి.

డబ్బు లేదంటారు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పినది. 1968, 1986, 2020 విద్యా విధానాలు మూడూ ఆ అంకెను భక్తితో వల్లించాయి. ఆరు శాతాన్ని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చేరలేదు. ఈ పరీక్షలో తప్పినవారిని ఏ తరగతిలోనూ నిలపలేదు సరిగదా, కొందరిని మంత్రిపదవులకు ప్రమోషను చేశాము.

ఈసారి ఫలితాలు వచ్చినప్పుడు పట్టికలో అట్టడుగు పేరు చూచి పాఠకులు నవ్వుకోకుండా ఉందురుగాక. ఆ పేరు వెనుక ఎక్కాలు అప్పజెప్పిన ఒక పిల్ల ఉన్నది. పదవ తరగతి పట్టికలో ఆమె తప్పినవారి లెక్కలో కూడా ఉండదు. ఎందుకంటే ఆ పరీక్షదాకా ఆమెను రానిచ్చే దారి ఇంకా ఎవరూ వేయలేదు.